మా కోడలి కేక

మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఇంట్లో ఆస్తి గొడవలు మొదలయ్యాయని పక్కింటావిడ అనుకుంది. అనుకుని ఊరుకోలేదు. ఒక రోజు మా ఆవిడను గోడ దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, పోనీ ఆ పిల్లకి రావలసిందేదో రాసిచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని సలహా ఇచ్చింది. మా ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. మాకున్న ఆస్తి ఈ మూడు గదులూ, నా పనిముట్ల పెట్టె. రాసివ్వడానికి ఏముంది? మరి పొద్దున లేచింది మొదలు మీ కోడలు 'నాది, నాది' అని ఎవరి మీద అరుస్తోంది అని పక్కింటావిడ అడిగింది.

మా ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వచ్చి కూలబడింది. సంగతి ఏమిటో నాకు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మా కోడలు వాలీబాల్ ఆడేది. దేశం తరఫున ఆడేది. ఆ ఆటలో బంతి మన వైపు వస్తున్నప్పుడు, దాన్ని తీసుకునే మనిషి 'నాది' అని గట్టిగా అరవాలి. అరిస్తే మిగతావాళ్ళు పక్కకు జరుగుతారు. ఎవరూ అరవకపోతే, నువ్వు తీస్తావని నేను, నేను తీస్తానని నువ్వు చూస్తూ నిలబడతాం, బంతి మధ్యలో పడుతుంది. ఇద్దరు అరిస్తే తలలు కొట్టుకుంటాయి. కాబట్టి అరవడం కూడా ఆటలో భాగమే. అంత గట్టిగా అరిచే మనిషి ఆ రోజుల్లో ఇంకొకరు లేరని మా కోడలితో ఆడినవాళ్ళే నాకు చెప్పారు. హాలు నిండా జనం గోల చేస్తున్నా ఆ కేక విడిగా వినబడేదట.

ఇంట్లో కూడా అదే వరస. గ్లాసు జారితే నాది. పాలు పొంగితే నాది. ఎవరైనా తలుపు కొడితే, నాది అంటూ పరుగు. మా ఆవిడ చేతిలోంచి మూత జారితే, అది నేలకు తగిలేలోపల ఈ పిల్ల అవతలి గదిలోంచి వచ్చి, మోకాళ్ళ మీద జారి అందుకునేది. ఒకసారి మా అబ్బాయి పై అధికారి మా ఇంటికి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ చేతిలోంచి జారవిడిచాడు. మా కోడలు నాది అని అరిచి ఆయన కాళ్ళ మధ్యకు దూకింది. కళ్ళజోడు బతికింది. ఆయన మాత్రం మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆమె ఆడిన చోటును లిబెరో అంటారు. వెనక నిలబడి, అవతలివాళ్ళు కొట్టే దెబ్బలన్నీ కాచే మనిషి. వల దగ్గర ఎగిరి కొట్టే హక్కు ఆ మనిషికి లేదు. చొక్కా రంగు కూడా వేరుగా ఉంటుంది. జట్టంతా ఒక రంగు, ఆమె ఒక్కతి ఇంకో రంగు. మా ముందుగదిలో ఒక ఫొటో ఉంది, జట్టు గెలిచి కప్పు ఎత్తుకున్నప్పటిది. అందరూ ఎర్ర చొక్కాలు, మధ్యలో మా కోడలు తెల్ల చొక్కా. చూసినవాళ్ళందరూ, 'ఈ అమ్మాయి ఓడిపోయిన జట్టుదేమో పాపం, అయినా ఎంత హాయిగా నవ్వుతోందో' అంటారు. మొదట్లో మా ఆవిడ విడమరిచి చెప్పేది. తరవాత విసుగొచ్చి, అవునండీ, మంచి మనసు, అనడం మొదలుపెట్టింది.

ఆ ఆటలో అందరూ నిచ్చెనల్లా ఉంటారు. మా కోడలు నా భుజం దాటదు. బడిలో చదివేటప్పుడు, నీ ఎత్తుకు ఈ ఆట రాదు, ఇంటికి పో అన్నారట. ఈమె ఇంటికి పోలేదు. గీత బయట నిలబడి, బయటికి పోయిన బంతులు తెచ్చి ఇచ్చేది. కొన్నాళ్ళకి, బంతి బయటికి పోయేదాకా ఆగడం ఎందుకని, పోకముందే అందుకోవడం మొదలుపెట్టింది. ఈ పిల్ల నిలబడ్డ మూలన బంతి నేల మీద పడటం లేదని అక్కడి మేష్టారు గమనించాడు. అలా లోపలికి పిలిచారు. అక్కడి నుంచి జిల్లా, అక్కడి నుంచి దేశం.

చాలా దేశాలు తిరిగింది. ఏ దేశం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే అక్కడి నేల గురించి చెబుతుంది. ఒక దేశంలో చెక్క నేల, మంచిది, పడితే మోసుకుంటుంది అంటుంది. ఇంకో దేశంలో రబ్బరు పరిచారు, మోచేతుల చర్మం అక్కడే వదిలేసి వచ్చాను అంటుంది. కొండలు, సముద్రాలు, పెద్ద పెద్ద మేడలు ఆమెకు జ్ఞాపకం లేవు. బస్సు అద్దంలోంచి చూసి ఉంటానులే అంటుంది. నేను వడ్రంగిని. తలుపులు చేస్తాను, చెక్క నేలలు పరుస్తాను. మా ఇద్దరికీ మాట కలిసింది ఆ నేలల దగ్గరే. పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, వేసిన కుర్చీలో కూర్చోకుండా వంగి, అరచేత్తో నేల తడిమి చూసింది. ఇది మీరే పరిచారా మావయ్యా అని అడిగింది. అవునన్నాను. ఇక్కడ ఎంత పడ్డా దెబ్బ తగలదు అంది. నాకు ఆ పిల్ల నచ్చింది. మా ఆవిడకు మాత్రం బెంగ పట్టుకుంది. ఇంకా ఇంట్లో అడుగు పెట్టలేదు, పడటం గురించి మాట్లాడుతుందేమిటి అని.

మా అబ్బాయిది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని. వాళ్ళ పరిచయం అక్కడ మొదలైంది. ఆమె వేళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి విరుగుతూ ఉండేవి. మొహం సరిగా చూడకముందే వాడు ఆమె ఎముకలన్నీ చూశాడు. నచ్చాకే అడిగానంటాడు. ఈ మాట వాడు బంధువుల్లో చెప్పినప్పుడల్లా మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది.

ఆట ఆగిపోయింది కూడా ఆ ఎక్స్‌రే దగ్గరే. ఈసారి మోకాలు. వాడు ఫిల్ము దీపానికి పట్టి చూసి, గబగబా సర్దేస్తున్నాడట. ఆమె వాడి చేతిలోంచి తీసుకుని తనే చూసింది. ఎన్ని చూసిందో, ఆమెకు చదవడం వచ్చు. ఇంటికి వచ్చి, ఆ సాయంత్రం బూట్లు కడిగి ఆరబెట్టింది. ఆరాక కాగితంలో చుట్టి అలమర పైన పెట్టింది. అంతే. ఏడుపులు పెడబొబ్బలు ఏమీ లేవు.

దేశం తరఫున ఆడినందుకు ఇచ్చిన ఉద్యోగం ఒకటి ఆమెకు ఉంది. కుర్చీ, బల్ల, ఫ్యాను, కాగితాలు. పొద్దున పోయేది, సాయంత్రం వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మనిషి బాగానే ఉంది, కానీ ఇంట్లో కేక వినబడటం తగ్గిపోయింది. మా ఆవిడ ఇది చూడలేక, వంటింట్లో కావాలని గిన్నెలు పడెయ్యడం మొదలుపెట్టింది, పిల్ల ఒకసారి లేస్తుందని. సొట్టలు పడ్డ గిన్నెలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి.

అలాంటప్పుడు ఊళ్ళో క్లబ్బు ప్రెసిడెంటు గారు కబురు పెట్టాడు. ఆయనకు కుళాయిల దుకాణం ఉంది. క్లబ్బులో ఆడపిల్లల జట్టు ఒకటి ఉంది, నేర్పేవాళ్ళు లేరు, సాయంత్రాలు వచ్చి నేర్పుతారా అని అడిగాడు. మా కోడలు ఆయన మాట పూర్తి కాకముందే ఒప్పుకుంది. ఆ రోజు అలమర పైనుంచి బూట్లు దిగాయి.

క్లబ్బు హాలు నేల పాతది. అక్కడక్కడా చెక్క పలకలు లేచాయి. వాటిని మార్చే పని నాకిచ్చారు. అందుకని రోజూ సాయంత్రం నేనూ అక్కడే ఒక మూల కూర్చుని నా పని నేను చేసుకునేవాణ్ణి. చూడకూడదనుకున్నా కనబడేది. పిల్లలకు అవీ ఇవీ చూపించి, కాసేపటికి మా కోడలు తనే లోపలికి దిగేది. వెనక గీత దగ్గర మోకాళ్ళు వంచి నిలబడి, కొట్టండే, ఎంత గట్టిగా కొడతారో కొట్టండి, అనేది. వాళ్ళు కొట్టేవాళ్ళు. నాది అనేది, తీసేది. నాది అనేది, తీసేది. ఆ మోకాలు నొప్పి సంగతి ఆ సమయంలో ఎక్కడికి పోయేదో తెలియదు. చెమటలు కారుతూ, జుట్టు మొహాన పడుతూ, పెళ్ళికి ముందు ఎలా ఉందో అలా ఉండేది. పిల్లలు ఆమె గొంతు వినగానే చప్పున పక్కకు తప్పుకునేవాళ్ళు. తప్పుకోవడం బాగా నేర్చుకున్నారు.

మొదటి పోటీకి నేనూ మా ఆవిడా వెళ్ళాం. కోచ్ కనక మా కోడలు గీత బయట కుర్చీలో కూర్చుంది. ఆట బాగానే మొదలైంది. అవతలి పిల్ల ఒకతి గట్టిగా కొట్టింది. బంతి మా పిల్లల వెనక వైపుకు వస్తోంది. అప్పుడు హాలు అదిరిపోయేలా 'నాది' అని వినబడింది.

లోపల ఉన్న ఆరుగురూ, పెద్దవాళ్ళకు దారి ఇచ్చినట్టు, మర్యాదగా పక్కకు జరిగారు. బంతి మధ్యలో పడింది. రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ గోడ దగ్గరికి పోయింది. ఎవరూ కదల్లేదు. అవతలి జట్టు పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

మా కోడలు కుర్చీలోంచి సగం లేచి, ఎవరే అలా అరిచింది అని పిల్లల్ని అడిగింది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. చివరికి అందరిలోకీ చిన్నది చెప్పింది. ఆ పిల్లను చీమ అంటారు. పొట్టిగా, నల్లగా, క్షణం నిలవకుండా తిరుగుతుంది. మీరేనక్కా అంది.

మా కోడలికి తను అరిచినట్టు తెలియనే తెలియదు. బంతి లేస్తే ఆమె ప్రమేయం లేకుండా నోరు లేస్తుంది. ఆ ఆటలో ఇంకా చాలాసార్లు లేచింది. ఓడిపోయారు. తరవాతి పోటీలో పెదవులు బిగించి కూర్చుంది, ముఖ్యమైన బంతులకే నోరు జారింది. అదీ పోయింది. ఆ తరవాతదీ పోయింది. బయటి ఊళ్ళ జట్లకు సంగతి పొక్కింది. వాళ్ళు కావాలని మా కోడలు కూర్చున్న వైపుకే కొట్టడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఆలోచనలు సాగాయి. మా అబ్బాయి, మూతికి గుడ్డ కట్టుకో, జలుబని చెప్పు అన్నాడు. కట్టుకుంది. ఆ గొంతుకు గుడ్డ ఒక లెక్కా. చివరికి మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. అమ్మాయ్, నోటి నిండా నీళ్ళు పోసుకుని కూర్చో, ఇంక ఎలా అరుస్తావో చూద్దాం అంది. మాకందరికీ బాగుందనిపించింది.

ఆ రోజు పోటీ చూడటానికి ప్రెసిడెంటు గారు తెల్ల బట్టలు వేసుకుని వచ్చి, మా కోడలి పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. ఆమె బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది. ఆయన కుశలం అడిగాడు. తల ఊపింది. పంటి నొప్పా అని అడిగాడు. దానికీ తల ఊపింది. కాసేపు అంతా సవ్యంగా నడిచింది. పిల్లలు ముందుకు పోతున్నారు కూడా. అంతలో ఒక బంతి వలకు తగిలి, పక్కకు తిరిగి, సరిగ్గా వీళ్ళ కుర్చీల వైపు వచ్చింది.

నీళ్ళన్నీ ప్రెసిడెంటు గారి మీద పడ్డాయి. నీళ్ళ వెనకాలే కేక వచ్చింది. రోజంతా కుళాయిల మధ్య తిరిగే మనిషికి నీళ్ళు కొత్త కాదు గానీ, ఈ దారిన రావడం మాత్రం కొత్తే. బంతి సంగతి చెప్పనక్కరలేదు, మధ్యలో పడింది.

ఆట అయ్యాక ఆయన మా కోడల్ని పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెప్పదలుచుకున్నది చెప్పలేక, తడి చొక్కాతో నిలబడి కాసేపు నీళ్ళు నమిలాడు. సారాంశం ఏమిటంటే, ఇంక ఈ ఏడాదికి ఒక్క పోటీ మిగిలింది. మన హాల్లోనే. అదైనా గెలిస్తే సరే. లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఆడపిల్లల్ని కూడా మగపిల్లల కోచ్‌కే అప్పగిస్తారు. కమిటీలో అనుకున్నారు. మీరు గొప్ప ప్లేయర్, ఎవరూ కాదనరు, కానీ... అని ఆ కానీ దగ్గర ఆగిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. ఆ హాలు పోతే ఆమెకు మళ్ళీ కుర్చీ, బల్ల, ఫ్యానే. అది మా అందరికీ తెలుసు. కాసేపటికి ఆమె నా వైపు తిరిగింది.

"మావయ్యా, మీరు మాట్లాడకుండా ఎలా ఉంటారు? నాకు నేర్పండి."

"ఆయన్నడుగుతావేంటే," అంది మా ఆవిడ. "అది జబ్బు. నేర్పితే వచ్చేది కాదు."

ఏం మాట్లాడాలో తోచనప్పుడు ఊరుకుంటానని చెప్పాను. అది ఆమెకు పనికొచ్చే మాట కాదు. ఆమెకు ఎప్పుడూ తోస్తూనే ఉంటుంది. కానీ నా దగ్గర ఇంకో మాట ఉంది. కొన్నాళ్ళ నుంచి ఉంది. హాల్లో పలక బిగిస్తుంటే నా చెవిన పడింది. మా కోడలు లోపల దిగి బంతులు తీస్తున్నప్పుడు, ఒక పిల్ల చీమను, నువ్వెందుకే ఊరికే నిలబడ్డావు అని అడిగింది. దానికి చీమ చెప్పిన జవాబే ఆ మాట. చెబితే ఈ పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పాను.

"ఆ చిన్నపిల్ల ఒక మాట అంది. అక్క తీసుకోగా మిగిలితే మనకి, అంది."

ఆమె వేలు ఆగింది.

"ఎవరు, చీమా?"

"ఊఁ."

"నవ్వుతూ అందా?"

"లేదు."

ఆమె కంచం తీసుకుని లేచింది. మా ఆవిడ నన్ను చూసిన చూపుకు, నేను మాట్లాడకుండా ఉండటమే మంచిదని నాకు మళ్ళీ తెలిసింది.

మర్నాడు హాల్లో మా కోడలు లోపలికి దిగలేదు. బూట్లు కూడా వేసుకోలేదు, చెప్పులతోనే వచ్చింది. గీత బయట కుర్చీ వేసుకుని, రెండు అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మీరే ఆడండి, నేను చూస్తాను అంది. పిల్లలు మొదలుపెట్టారు. బంతి లేచింది. అందరూ ఆమె వైపు చూశారు. బంతి పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ చూశారు, మళ్ళీ పడింది. ఇన్నాళ్ళూ ఆ కేక వింటే తప్పుకునేవాళ్ళు. ఇప్పుడు కేక లేదు, తప్పుకోవాలో వద్దో తెలియక నిలబడిపోయారు. వాళ్ళలో ఒక్కతికి కూడా నాది అనే అలవాటు లేదు. అనే అవసరం ఎప్పుడు వచ్చింది గనక. అరవండే అని ఆమె చెబితే, నోట్లో నోట్లో గొణిగారు, అడగకుండా పక్కవాళ్ళ వస్తువు తీసుకుంటున్నట్టు. కుర్చీలో కూర్చున్న మనిషికి మోకాలు నొప్పి ఆ రోజు బాగా తెలిసి ఉంటుంది. ఇంటికి కుంటుకుంటూ వచ్చింది.

పోటీ రోజు వచ్చింది. హాలు నిండింది. ప్రెసిడెంటు గారు వచ్చాడు. ముదురు రంగు చొక్కా వేసుకుని, మా కోడలికి బాగా దూరంగా కూర్చున్నాడు. మేము ఆమె కుర్చీకి సరిగ్గా వెనక వరసలో కూర్చున్నాం. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళది గెలుపు.

మొదటి ఆట తొందరగానే పోయింది. మా కోడలు ఒక్క కేక వేయలేదు. మెడ నరాలు ఉబ్బి కనబడుతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు. కానీ లోపల కూడా ఎవరూ అరవలేదు. అవతలివాళ్ళు ఇద్దరి మధ్యకు చూసి వేస్తున్నారు, మనవాళ్ళు ఇద్దరూ చూస్తున్నారు. మా ఆవిడ నా చేయి గిల్లుతూ కూర్చుంది. నా చేతి మీద ఆ గుర్తులు చాన్నాళ్ళు ఉన్నాయి.

రెండో ఆట కూడా అదే దారిన పోతుంటే, మా కోడలు రెఫరీని అడిగి ఆట ఆపించింది. కాసేపు ఆపి మాట్లాడుకోవచ్చు, అది ఆటలో ఉన్నదే. పిల్లలు చుట్టూ చేరి, తిట్లు తినడానికి సిద్ధంగా తలలు వంచుకున్నారు. ఆమె తిట్టలేదు. మామూలు గొంతుతో మాట్లాడింది. వెనకే ఉన్నాను కనక నాకు వినబడింది.

"నా మాట వినండి. నా గొంతు వినబడితే నమ్మకండి. నేను కావాలని అరవను, అలవాటు. నోరు మూసుకోవాలనే కూర్చున్నా. అయినా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేస్తుంది. వస్తే అది అబద్ధం. నాకు బంతి లేదు. నేను ఆట మానేసి చాలా కాలమైంది. మీకు తెలుసు కదా ఆ సంగతి?"

తెలుసు అన్నట్టు తలలు ఊపారు.

"నాకే సరిగ్గా తెలీలేదు. అందుకని నేను నాది అంటే, కాదు అని చెప్పి మీరు తీసుకోండి."

"మీ మొహం మీదే చెప్పమంటారా?" అంది చీమ.

"మొహం మీదే."

"తరవాత తిట్టరు కదా?"

"బంతి తీసి చూడు, తిడతానో లేదో."

మళ్ళీ లోపలికి పోయారు. చీమ మొదట అరిచింది. అంత చిన్న ఒంట్లోంచి వచ్చే గొంతు కాదు అది. నాది అని అరిచి, బంతి తీసి, తనే ఉలిక్కిపడినట్టు చుట్టూ చూసింది. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు. ఆ తరవాతి బంతికి ఇంకో పిల్ల అరిచింది. ఒకసారి ఇద్దరు అరిచి నుదుళ్ళు కొట్టుకున్నారు. నొప్పి తెలియకుండా నవ్వుకున్నారు. మెల్లగా గొంతులు లేచాయి. కాసేపటికి ఆ హాల్లో నాది నాది అనే గోల తప్ప వేరే ఏమీ వినబడలేదు. మా పక్కింటావిడ ఉంటే, పంపకాలు ఎక్కడిదాకా వచ్చాయని అడిగేది. రెండో ఆట మనవాళ్ళది.

మూడో ఆట చెరో పక్కకు ఊగుతూ పోయింది. చివరికి మనవాళ్ళకు ఒక్క పాయింటు వస్తే చాలు అనే చోటికి వచ్చింది. మా ఆవిడ కళ్ళు మూసుకుంది, ఏం జరుగుతోందో చెప్పమంది. చెప్పాల్సిన మనిషిని తప్పుగా ఎంచుకుంది.

అవతలి పొడుగు పిల్ల ఎగిరి కొట్టింది. బంతి మన పిల్లల చేతులకు తగిలి, పైకి లేచి, వెనక మూలకు పోయింది. ఎవరికీ అందేలా లేదు. మా కోడలు అంతసేపూ ఎలా పట్టి ఉంచిందో, ఇంక పట్టలేకపోయింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. నాది అని అరిచింది. ఆ కేక నేను విన్నవాటన్నిటిలోకీ పెద్దది. దేశం తరఫున ఆడినప్పుడు ఇలాగే అరిచి ఉంటుంది. ఒక కాలు గీత లోపలికి కూడా పోబోయింది.

వెనక ఉన్న ఇద్దరు పిల్లలు పాత అలవాటున ఒక అడుగు పక్కకు వేశారు.

"కాదు! నాది!"

చీమ మా కోడలి వైపు చూడను కూడా చూడలేదు. అరుస్తూనే పరిగెత్తింది, ముందుకు పడి నేల మీద జారిపోయింది. అరచేయి నేలకు ఆనించి చాచింది. బంతి ఆ చేతి వెనక వైపు పడి, జానెడు ఎత్తు లేచింది. ఇంకో పిల్ల నాది అని దాన్ని ఎత్తింది. మూడో పిల్ల నాది అని కొట్టింది. అవతలి వైపు, ఇద్దరి మధ్యలో పడింది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

హాలు లేచి నిలబడింది. మా ఆవిడ కళ్ళు తెరిచి, ఏమైంది, ఏమైంది అని అడుగుతోంది. గెలిచాం అన్నాను. ఆ ఒక్క మాటా చెప్పగలిగాను.

మా కోడలు మాత్రం పడిపోయిన కుర్చీ పక్కన, ఆ ఒక కాలు ముందుకు వేసి అలాగే నిలబడి ఉంది. చేతులు ఇంకా బంతి కోసం ముందుకు చాచి ఉన్నాయి. కొంచెం కొంచెంగా దించుకుంది. పిల్లలు మీద పడి గట్టిగా పట్టుకున్నారు. చీమ ఒక్కతి కాస్త దూరంగా, గీరుకుపోయిన మోచేయి ఊదుకుంటూ నిలబడింది.

"అక్కా, కోపం వచ్చిందా?"

"వచ్చింది," అంది మా కోడలు. "ఆ బంతి నేను తీసేదాన్ని."

"మీకు అందేది కాదు."

మా కోడలు దాని వైపు చూసింది. ఆ మూల నుంచి తన కుర్చీ ఎంత దూరమో చూసుకుంది. అందేది కాదు, అని ఒప్పుకుంది. చీమను దగ్గరికి లాక్కుని, మోచేయి చూసి, ఇంట్లో అడిగితే నేల మీద పడ్డానని చెప్పు, మా మావయ్య పలకలు బిగించిన నేలే, ఎముక విరగదు అని చెప్పు అంది.

ప్రెసిడెంటు గారు కూడా వచ్చాడు. దగ్గరికి వస్తూ ఆమె బుగ్గల వైపు ఒకసారి చూసి, అంతా బాగానే ఉందని నిర్ధారించుకున్నాడు. చేయి కలిపాడు. వచ్చే ఏడాది పోటీల తారీకులు రాగానే చెబుతానన్నాడు. వెళ్ళబోతూ ఆగి, ఒక్క సంగతి ఏమీ అనుకోవద్దు, ఆ పొట్టిపిల్లకి కాస్త మర్యాద నేర్పండి, అంతమందిలో కోచ్‌ని పట్టుకుని కాదంటుందా అన్నాడు. మా కోడలు తల వంచుకుని, నేర్పుతానండీ అంది. ఆయన అటు తిరగగానే, నవ్వు ఆపుకోలేక వచ్చి మా ఆవిడ వీపు వెనక దాక్కుంది.

మర్నాడు మామూలు సాయంత్రం. హాల్లో నాకు గుమ్మం దగ్గర ఒక పలక మిగిలింది, దాన్ని బిగిస్తున్నాను. మా కోడలికి ఆఫీసులో ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి పిల్లలే వల కట్టుకుని, రెండు వైపులా సర్దుకుని ఆట మొదలుపెట్టేశారు. ఆమె సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల గొంతులు గట్టిగా ఉన్నాయి. ఆమె కాసేపు విన్నది. సంచిలోంచి బూట్లు తీసి వేసుకుంది. తాళ్ళు బిగించి, గీత దాకా వెళ్ళి, అడగాలా వద్దా అన్నట్టు నిలబడి, చివరికి అడిగింది.

"నన్ను కాసేపు ఆడనిస్తారటే?"

చీమ బంతి చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. రెండు వైపులా ఆరుగురేసి నిండుగా ఉన్నారు.

"ఖాళీ లేదక్కా. కూర్చోండి, ఎవరైనా అలిసిపోతే పిలుస్తాం."

మా కోడలు కుర్చీ తెచ్చుకుని గీత పక్కన వేసుకుని కూర్చుంది. కాళ్ళు చాపుకుని, నా వైపు తిరిగి, విన్నారా మావయ్యా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

ఆ సాయంత్రం ఎవరూ అలిసిపోలేదు.